మెత్తబడని పండు

రవీంద్ర చూసేసరికి, అమ్మకానికి పెట్టిన డబ్బాలో నాలుగో స్ట్రాబెర్రీకి కూడా చిల్లు పడింది.

పొడుస్తున్నది ఒక అమ్మాయి. భుజాన సంచి, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, చేతిలో టార్చిలైటంత మిషను. దాని చివర సన్నటి ఇనుప పుల్ల. పండుకు ఆనిస్తుంది, నొక్కుతుంది, మిషను మీది అంకె చూస్తుంది, నోటుబుక్కులో రాసుకుంటుంది. ఎవరి అనుమతీ అక్కర్లేని పనిలా చేసుకుపోతోంది.

రింగ్ రోడ్ బట్టల మార్కెట్‌లో అది భోజనాల వేళ. స్ట్రాబెర్రీ క్రీమ్ గ్లాసుల కోసం దుకాణం ముందు పది పన్నెండు మంది నిలబడి ఉన్నారు. రవీంద్ర చేతిలో గరిటె గాలిలోనే ఆగిపోయింది.

"బేన్, యే క్యా కర్ రహీ హో?" అన్నాడు, ఇదేం పని అక్కా అన్నట్టు.

ఆమె తలెత్తలేదు. ఐదో పండు తీసి నొక్కింది. "ఐదు పాయింట్ ఒకటి. ఇది కూడానా" అని తనలో తను గొణుక్కుంది. తెలుగులో.

రవీంద్ర సూరత్‌లోనే పుట్టాడు. ఇరవై ఏడేళ్ళుగా అతనికి తెలుగు అంటే ఇల్లు, పాండేసరలో సిరిసిల్ల వాళ్ళుండే గల్లీ, చుట్టాల పెళ్ళిళ్ళు. దుకాణంలో హిందీ, గుజరాతీ. ఇలా పండ్లను పొడిచే అమ్మాయి నోట తెలుగు వినడం అతనికి మొదటి షాకు.

"ఏంది మేడం, పండ్లతోని మీకేం పగ?" అన్నాడు.

ఈసారి ఆమె ఉలిక్కిపడింది. కళ్ళజోడు పైకి తోసుకుని అతన్ని చూసింది.

"మీరు తెలుగువాళ్ళా?"

"అది తర్వాత. ఐదు పండ్లు ఖరాబు చేసిండ్రు."

"డబ్బా మొత్తం నేనే తీసుకుంటానండి. ఒక్క మాట చెప్పండి, ఇవి ఎప్పుడు కోశారు?"

"ఆదివారం."

"ఇవాళ గురువారం."

"ఔ. క్యాలెండర్ నా తాన గూడ ఉన్నది."

ఆమె నవ్వలేదు. "నాలుగు రోజులు. మీరు ఫ్రిజ్‌లో కూడా పెట్టలేదు. ఇంత ఎర్రగా పండిన స్ట్రాబెర్రీ నాలుగు రోజులు బయటుంటే వేలు ఆనిస్తే దిగిపోవాలి. ఈ మిషన్‌లో ఒకటో, ఒకటిన్నరో రావాలి. మీవి ఐదు దాటుతున్నాయి."

"మంచిదే గద."

"మంచిదే. కానీ అలా జరగదు."

క్రీమ్ గ్లాసు పట్టుకున్న ఒక గిరాకీ ముందుకు వచ్చాడు. ఏమైంది బేన్, వీటిలో కెమికల్ ఉందా అని హిందీలో అడిగాడు. ఆమె పరధ్యానంగా, చూపు పండు మీదే ఉంచి, "వహీ తో పూఛ్ రహీ హూఁ" అంది. అదే కదా నేను అడుగుతున్నది.

గిరాకీ గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. అతని వెనక ఎవరో ఫోను పైకెత్తారు. ఆ అమ్మాయి ఇవేమీ గమనించలేదు. డబ్బాకు మూతపెట్టి సంచిలో వేసుకుని, "నా పేరు విజేత. యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్నాను. మళ్ళీ వస్తాను" అని చెప్పి జనంలో కలిసిపోయింది.

రవీంద్ర కాసేపు ఆమె వెళ్ళిన వైపే చూశాడు. కోపంగా చూస్తున్నాననుకున్నాడు.

రెండు రోజుల తర్వాత పక్క చీరల దుకాణం సేఠ్ ఫోను తెచ్చి చూపించాడు. ఇరవై మూడు సెకన్ల వీడియో. అందులో ఆ అమ్మాయి పండును పొడుస్తోంది. ఎవరో కెమికల్ ఉందా అంటున్నారు. ఆమె అదే అడుగుతున్నానంటోంది. వెనకాల గరిటె పట్టుకుని నోరు తెరిచి నిలబడ్డ తన మొహం, దొరికిపోయిన దొంగ మొహంలా ఉంది. మార్కెట్‌లోని వాట్సాప్ గ్రూపులన్నింట్లో తిరిగిందన్నాడు సేఠ్.

ఆదివారం ఒక్క గ్లాసూ పోలేదు. సోమవారం ఇద్దరు వచ్చారు, కొనడానికి కాదు, దుకాణం ముందు సెల్ఫీ తీసుకోవడానికి. అన్నింటికన్నా అన్యాయం ఏమిటంటే, అమ్ముడుపోని ఆ పండ్లు కుళ్ళిపోనైనా లేదు. అవి బల్ల మీద ఎర్రగా, గట్టిగా, ఎవరినీ లెక్కచేయనట్టు కూర్చున్నాయి.

మంగళవారం పొద్దున పది గంటలకు విజేత పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మీ పండ్లలో ఏమీ లేదండి" అంది రొప్పుతూ. "మూడు రకాల టెస్టులు చేశాను. మైనం లేదు, కాల్షియం పూత లేదు, ఏదీ లేదు. తొమ్మిదో రోజు కూడా అలాగే ఉన్నాయి. రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు."

రవీంద్ర ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

ఆమె వీడియో చూసింది. మళ్ళీ చూసింది. మెల్లగా వెనక్కి జరిగి ఖాళీ క్రేటు మీద కూలబడింది.

"నేను... అడిగానంతే."

"మీరు అడిగిండ్రు. ఊరంత జవాబు చెప్పుకున్నది."

తిట్టాలని మూడు రోజులుగా మాటలు కూడబెట్టుకున్నాడు రవీంద్ర. ఇప్పుడు ఆమె కూర్చున్న తీరు చూస్తే ఒక్కటీ నోటికి రాలేదు. చివరికి, "నీళ్ళు తాగుతరా?" అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందా అని తనే తెల్లబోయాడు.

ఆమె నీళ్ళు తాగింది. తర్వాత చెప్పింది. తనది తెనాలి. నాలుగేళ్ళుగా పని చేస్తున్నది ఒకే ప్రశ్న మీద, స్ట్రాబెర్రీ పండేటప్పుడు ఎందుకు మెత్తబడుతుంది అని. పండు తనంతట తాను నీరుకారిపోదు. మెత్తబడమని చెట్టే చెబుతుంది. ఆ ఆజ్ఞ దాని జన్యువుల్లో రాసి ఉంటుంది. ల్యాబ్‌లో కష్టపడి ఆ రాతను ఆపొచ్చు. కానీ ఎవరూ ముట్టుకోకుండా, తనంతట తానే ఆ రాత చెదిరిన చెట్టు ఎక్కడైనా ఉంటే దాని పిలకలు నాటి ఏ రైతైనా పెంచుకోవచ్చు. అలాంటి చెట్టు కోసం ప్రతి చలికాలం సూరత్‌లో స్ట్రాబెర్రీ అమ్మే ప్రతి దుకాణం తిరిగింది. ఇంకో ఆరు నెలల్లో ఫెలోషిప్ అయిపోతుంది.

"మీది నూట నలభయ్యో దుకాణం" అంది. "ఆ చెట్టు ఎక్కడుందండి?"

"కామ్‌రేజ్‌ల. మా బాపు కౌలుకు తీసుకున్న పొలంల."

"ఇప్పుడే వెళ్దామా?"

గిరాకీ లేని దుకాణానికి షట్టర్ దించడానికి ఎంతసేపు. పదకొండింటికి ఇద్దరూ రవీంద్ర టెంపోలో హైవే మీద ఉన్నారు.

"ఒక మాట చెప్తున్న" అన్నాడు రవీంద్ర. "మా బాపుకు వినబడది. ముప్పై ఏండ్లు సాంచాల మీద పని చేసిండు. ఆ మగ్గాల చప్పుడుకు చెవులు పోయినయి. పెదవులు చూసి మాట పడ్తడు. ఆయన మాత్రం గట్టిగ ఒర్రుతడు. తిడుతున్నడనుకోకుండ్రి."

"తిట్టినా పర్లేదు. తిట్టాల్సిందే."

"మీరు గిట్లనే మాట్లాడితె తిట్టడు, పరేషాన్ అయితడు. మీ ఆంధ్రా మాటలు ఆయన కండ్లకు అలవాటు లేదు."

విజేత మొదటిసారి నవ్వింది. రవీంద్ర ఒక గేరు తప్పించాడు. టెంపో ఒక్క కుదుపు కుదిపింది.

పొలం గట్టు మీద టెంపో ఆగగానే రవీంద్ర తలుపు తీసి కిందికి దూకాడు.

ఇరవై సాళ్ళలో నాలుగు సాళ్ళు ఖాళీగా ఉన్నాయి. సాళ్ళ మీద పరిచిన మల్చింగ్ ప్లాస్టిక్ షీటుకు వరసగా చిల్లులు మాత్రమే మిగిలాయి. పక్కన ఎండలో మోకాలెత్తు కుప్ప. ఆకులు, వేర్లు, ఎర్రటి పండ్లు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కుప్ప పక్కన అతని తండ్రి రాజలింగం తుండుగుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు.

"వచ్చినవా" అన్నాడు కొడుకుతో. పక్క పొలం దాకా వినిపించే గొంతు. "పీకి పారేసిన. తెల్లారంగ మొదలుపెడితె ఇప్పుడైంది."

"ఎందుకు బాపూ?"

"పక్క పొలం సంపత్‌గాడు వీడియో చూపించిండు. నీ మొఖం చూసిన. నాకు మాట వినబడకపోతె ఏమాయె, మొఖం కనబడదా? ఈ నాలుగు సాళ్ళ పండ్లతోనే నీ ఇజ్జత్ పోయింది. పండన్నంక మెత్తబడాలె. మెత్తబడనిది పండెట్లయితది?"

విజేత గట్టు మీద నుంచి కుప్ప దగ్గరికి నడిచి వచ్చి అక్కడే మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక మొక్కను చేతుల్లోకి తీసుకుంది. వేర్లు ఎండి తాడులా ఉన్నాయి.

"ఇదేనండి. నేను వెతుకుతున్నది ఇదేనండి" అంది.

రాజలింగం ఆమె నోటికేసి చూసి, కొడుకుకేసి చూశాడు. "ఈ పిల్ల ఎవరు? ఏమంటున్నది? మాటలు నా కండ్లకు అందుతలేవు."

వీడియోలో ఉన్నది ఈ పిల్లేనని రవీంద్ర చెప్పాడు. పండ్లలో ఏమీ లేదని టెస్టు చేసింది కూడా ఈమేనని, ఈ చెట్టు కోసమే నాలుగేళ్ళు తిరిగిందని ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పాడు. రాజలింగం చేతిలోని తుండుగుడ్డ జారిపోయింది. తన చేతులను చూసుకున్నాడు. ఆ గొంతు మొదటిసారి తగ్గింది.

"నేనేం చేసిన్రా?"

విజేత లేచి ఆయన ఎదురుగా నిలబడింది. ఒక్క క్షణం ఆలోచించుకుంది. "కాక" అంది, పెదవులు బాగా కదుపుతూ, "తప్పు నాది. మీది కాదు. జర జల్దీ చేద్దాం. బతికున్నయి ఏరుదాం."

వచ్చీరాని ఆ తెలంగాణ మాట విని రవీంద్ర నోరు తెరిచాడు. రాజలింగం కళ్ళకు మాత్రం ప్రతి మాటా అందింది. "ఏయ్ స్వరాజ్యం, గోనె సంచులు తడిపి తే" అని షెడ్డు వైపు కేక పెట్టాడు.

రవీంద్ర తల్లి స్వరాజ్యం సంచులతో, బకెట్‌తో వచ్చింది. ఎవరూ వివరం అడగలేదు. నలుగురూ కుప్ప చుట్టూ కూర్చున్నారు.

అప్పుడు ఇంకో చిక్కు తెలిసింది. పొద్దున చీకట్లో రాజలింగం ఆ నాలుగు సాళ్ళతో పాటు పక్క సాలు మొక్కలు కూడా చాలా లాగేశాడు. అన్నీ కలిసిపోయాయి. ఆకు చూసి ఏది ఏదో చెప్పడం విజేత వల్ల కాలేదు.

"జరుగు బిడ్డా" అన్నాడు రాజలింగం.

కళ్ళు మూసుకుని కుప్పలో చెయ్యి పెట్టాడు. ఒక మొక్కకు వేలాడుతున్న పండును రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. కుడివైపు పెట్టాడు. ఇంకోటి పట్టుకుని ఎడమవైపు పడేశాడు. విజేత మిషను తీసి కుడివైపు మొక్క పండుకు ఆనించింది. నాలుగు పాయింట్ ఎనిమిది. ఎడమవైపుది ఒకటి పాయింట్ రెండు. ఇంకో జత. ఇంకో జత. పన్నెండు మొక్కలు కొలిచి మిషను సంచిలో పెట్టేసింది. ఆయన ఒక్కసారీ తప్పలేదు.

"ఎలా..." అని, సర్దుకుని, "ఎట్ల ఎరుకైతది కాక?" అంది.

"దారం పట్టుకుని గంజి పట్టిందో లేదో చెప్పే చెయ్యి ఇది. పండెంత?" అన్నాడు ఆయన. నాలుగేళ్ళ కింద మహాబలేశ్వర్ నుంచి తెచ్చిన నారులో ఒక్క మొక్క పండ్లు మూడో రోజు కూడా చేతికి బిగువుగా తగిలాయట. పక్కలకు సాగిన దాని తీగల నుంచి పిలకలు తీసి వేరే సాల్లో పెట్టాడు. మరుసటేడు ఇంకో సాలు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది, చేతికి బాగా అనిపించింది, పెంచాడు.

విజేత ఆయన చేతులకేసి అలా చూస్తూ ఉండిపోయింది. లక్షల ఖరీదు మిషన్ల మధ్య నాలుగేళ్ళు తను వెతికినదాన్ని ఈయన రెండు వేళ్ళతో వెతికి, పెంచి, ఇవాళ పొద్దున పీకేశాడు.

మధ్యాహ్నం మూడు దాకా ఏరారు. ఎండ మండిపోతోంది. బోరు దగ్గర నీళ్ళు పడుతూ రవీంద్ర వెనక్కి తిరిగాడు. పక్కనే బకెట్ పట్టుకుని నిలబడ్డ విజేత చెంపకు మట్టి అంటుకుని ఉంది. ఆమెకు తెలియదు. చెప్పాలనిపించలేదు. తల్లికి వినపడకుండా మెల్లగా, "మీకు నా మీద కోపమున్నదా?" అన్నాడు.

"కోపం మీకుండాలి కదండీ" అంది ఆమె అంతే మెల్లగా.

"ఉండె. ఇప్పుడు ఏడ పెట్టిన్నో దొర్కుతలేదు."

పది గజాల దూరంలోని కుప్ప దగ్గర నుంచి రాజలింగం కేక వినిపించింది. "కోపం తర్వాత దేవులాడుకో, ముందు నీళ్ళు తే."

ఇద్దరూ కొయ్యబారిపోయారు. పెదవులు చూసే మనిషికి దూరం అడ్డు కాదన్న సంగతి రవీంద్ర మరిచిపోయాడు. స్వరాజ్యం తలవంచుకుని మొక్కలు చుడుతూ పైట చెంగుతో నవ్వు దాచుకుంది.

రెండు వందల మొక్కల్లో ముప్పై ఏడు ప్రాణంతో ఉన్నట్టు కనిపించాయి. ఐదో రోజుకు పదకొండు మిగిలాయి. ఐదు విజేత ల్యాబ్‌కు వెళ్ళాయి. ఆరు స్వరాజ్యం పెరటి బకెట్లలో ఉన్నాయి.

ఆ పై బుధవారం భోజనాల వేళ విజేత మళ్ళీ రింగ్ రోడ్‌కు వచ్చింది. దుకాణం ముందు ఎవరూ లేరు. క్రేటు బోర్లించి ఎక్కి, తన ఫోను సేఠ్ చేతికిచ్చి రికార్డు చేయమంది. రవీంద్రకు ఏం జరుగుతోందో అర్థమయ్యేలోపు హిందీలో మొదలుపెట్టేసింది.

తన పేరు, తను పని చేసే చోటు చెప్పింది. ఆ వీడియోలో ఉన్నది తనేనని, ఆలోచించకుండా మాట్లాడానని చెప్పింది. పరీక్షల కాగితాలు ఒక్కొక్కటే చూపించింది. ఈ పండుకు ఎవరూ ఏదీ పూయలేదు, పండును మెత్తబరిచే జన్యువుల్లో ఏదో ఒకటి ఈ చెట్టులో పనిచేయడం లేదని నా నమ్మకం, దాన్ని కనిపెట్టి పెంచింది ఇతని తండ్రి, ముప్పై ఏళ్ళు మగ్గం నడిపిన మనిషి అని చెప్పింది. డబ్బా లోంచి ఒక పండు తీసి తినేసింది.

మార్కెట్ మెట్ల మీద జనం ఆగి చూశారు. రవీంద్ర గరిటె కడగడం మొదలుపెట్టి అదే గరిటెను నాలుగుసార్లు కడిగాడు.

గిరాకీ ఒక్క రోజులో తిరిగి రాలేదు. వారం పట్టింది. కానీ ఆ వీడియో వెనక ఏం జరిగిందో అతనికి తెలిసింది నెలన్నర తర్వాత, ఏప్రిల్‌లో, విజేత ల్యాబ్‌కు రమ్మన్న రోజున.

ఈలోపు రోజూ ఫోన్లు. మొక్కల గురించే. "బకెట్ నీడలో ఉందా?" "ఉన్నది." "కొత్త ఆకు వచ్చిందా?" "రెండొచ్చినయి." "మీరెలా ఉన్నారు?" "నాకు ఆకులు రాలే ఇంక." అవతలి నుంచి నవ్వు వినిపించిన రోజు రవీంద్రకు దుకాణంలో పని తొందరగా అయిపోయేది. అంతకుమించి ఒక్క మాట ముందుకు వెళ్ళలేదు. తను సాయంత్రం కాలేజీలో బీకాం చదివి, పండ్లకు క్రీమ్ కలిపేవాడు. ఆమె పేరు ముందు రేపో ఎల్లుండో డాక్టర్ అని వస్తుంది. చెప్తే ఫోన్లు కూడా ఆగిపోతాయేమోనని భయం.

ల్యాబ్ గుమ్మంలో ఆమె గైడు ప్రొఫెసర్ రామమోహన్ ఎదురయ్యాడు. "స్ట్రాబెర్రీ అబ్బాయివి నువ్వేనా" అన్నాడు చిరాకుగానో ముద్దుగానో తెలియకుండా. "పేపర్ వచ్చేదాకా ఈ సంగతి బయట అనొద్దని చెప్పాను ఈ అమ్మాయికి. వేరే ల్యాబ్ వాళ్ళు విని మనకన్నా ముందు రాసేస్తే నీ థీసిస్ ఏమవుతుందమ్మా అన్నాను. మరి అతని దుకాణం ఏం కావాలి సార్ అని నన్నే అడిగి వెళ్ళిపోయింది. పది రోజులు మాట్లాడలేదు నేను."

ఆ రోజు క్రేటు మీద నిలబడి ఆమె పణంగా పెట్టింది నాలుగేళ్ళ చదువు. తనకొక్క మాట చెప్పలేదు.

లోపల విజేత కంప్యూటర్ తెర మీద రంగురంగుల అక్షరాల వరసలు చూపించింది.

"పండు అంటే చిన్న చిన్న గదులు. ఆ గదుల్ని ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు పెక్టిన్. పండు ఎర్రబడేటప్పుడు చెట్టే ఆ జిగురును తెంచే ఎంజైమ్ తయారు చేస్తుంది. పెక్టేట్ లయేజ్ అంటారు. జిగురు తెగితే గదులు విడిపోతాయి, పండు మెత్తబడుతుంది. మీ చెట్టులో ఆ ఎంజైమ్‌కు సంబంధించిన జన్యువులో ఒక్క అక్షరం పోయింది. చూడండి, ఇక్కడ."

"ఒక్క అక్షరానికి గింత లొల్లి అయిందా?"

"అందులోనే విచిత్రం. మనకు ప్రతి జన్యువూ రెండు కాపీలు. స్ట్రాబెర్రీకి ఎనిమిది. ఒకటి చెడితే మిగతావి ఆ పని చేసేస్తాయి. అందుకే ఇలాంటి చెట్టు దొరకదు. కానీ పండులో ఈ పని ఎక్కువగా చేసేది ఒక్క జతే. చెడింది సరిగ్గా ఆ జత."

"మరి ఎర్రగెట్లయింది? తీపెట్ల వచ్చింది?"

"రంగుకు వేరే జన్యువులు, తీపికి వేరేవి, వాసనకు వేరేవి. పండటమంటే ఒక్క పని కాదు. మెత్తబడకపోయినా అది పండే. ఈ మాట కాకకు చెప్పాలి, ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గర ఇప్పుడు జవాబుంది."

ఆమె అంత సంబరంగా మాట్లాడుతుంటే రవీంద్రకు తెర మీది అక్షరాలు అలుక్కుపోయాయి. "వీడియోకు ముందు సార్ ఒద్దన్నడంట. నాకెందుకు చెప్పలే?"

విజేత మౌస్ మీది చెయ్యి తీసేసింది. "చెప్తే మీరు వద్దనేవారు."

"అంటుండె."

"అందుకే" అంది, తెర వైపు తిరిగి.

జూలైలో ఒక ఆదివారం, పొద్దున్నుంచి వాన. సూరత్ వాన మొదలైతే ఆగాలన్న సంగతి దానికి గుర్తుండదు. కామ్‌రేజ్ ఇంటి వసారాలో రాజలింగం కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా విజేత ఒళ్ళో కాగితాలు. కొత్త రకాన్ని రైతు పేరు మీద నమోదు చేయించే దరఖాస్తు అది. పేపర్ అచ్చుకు అంగీకరించారు. వేరే ఏ ల్యాబూ ముందు రాయలేదు. కనిపెట్టిన రైతుగా పేపర్‌లో రాజలింగం పేరు ఉంది. ఆయన ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని సాంచాల కార్ఖానాలోని పాత దోస్తులందరికీ పంపాడు.

"కాక, రకానికి పేరు పెట్టాలె" అంది విజేత. ఆమె తెలంగాణ మాట ఇప్పుడు తడబడటం లేదు.

"నువ్వే పెట్టు బిడ్డా."

"మీరే పెట్టాలె. రైతు మీరు."

రాజలింగం ఎక్కువసేపు ఆలోచించలేదు. "స్వరాజ్యం అని రాయి" అన్నాడు.

ఆయన మామూలుగానే అన్నాడు. ఆయన మామూలు గొంతు వానలో కూడా నాలుగిళ్ళకు వినిపించింది. లోపలి నుంచి చాయ్ పట్టుకొస్తున్న స్వరాజ్యం గడప మీదే ఆగిపోయింది. పళ్ళెంలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి టకటకమన్నాయి.

"నా పేరెందుకు?" అంది.

రాజలింగం ఆమె పెదవులు చూశాడు. "ఇంకో పేరు నాకు యాదికి రాలే" అన్నాడు.

ముప్పై మూడేళ్ళ కాపురంలో ఆయన నుంచి అలాంటి మాట ఆమె ఎన్నడూ వినలేదు. పళ్ళెం కొడుకు చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. రాజలింగం కంగారుపడి, "ఏమాయెరా, కోపమొచ్చిందా?" అని అడిగాడు. రవీంద్ర తల అడ్డంగా ఊపాడు. విజేత కాగితం మీద ఆ పేరు రాస్తూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

సాయంత్రం రవీంద్ర ఆమెను టెంపోలో హైవే బస్ స్టాప్‌కు తీసుకొచ్చాడు. రేకుల కింద ఇద్దరే. చుట్టూ వాన తెరలు తెరలుగా పడుతోంది. సూరత్ బస్సు రావడానికి పావుగంట ఉంది.

"మీ నాన్నగారికి ముప్పై మూడేళ్ళు పట్టింది" అంది విజేత, వానను చూస్తూ. "మీకెన్నేళ్ళు కావాలి?"

వినపడనట్టు ఊరుకోవచ్చు. వాన అంత గట్టిగానే ఉంది. ఊరుకోలేదు.

"నాకు మాటలు చక్కగ రావు" అన్నాడు. "మాది సాంచాల ఇల్లు. నేను క్రీమ్ కలిపేటోన్ని. మీరు డాక్టర్ అయితరు. గా లెక్క జూస్తె నోరు లేస్తలేదు. గని మీరు ఫోన్ చేయని దినం నాకు దినమే కాదు. మీరంటె నాకు ఇష్టం. ఎప్పటిసంది అంటె... మీరు నా పండ్లను పొడుస్తున్నప్పటిసందే అనుకుంట."

విజేత సంచిలోంచి ఫోను తీసింది. ఎవరికో కలిపింది. రెండు మాటలు అంది, వాన చప్పుడులో అతనికి వినిపించలేదు. ఫోను అతని చేతిలో పెట్టింది.

"మా నాన్న. మాట్లాడండి."

రవీంద్ర ఆ ఫోనును నిప్పుకణిక పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. ఒక్క అడుగు వెనక్కి వేస్తే వానలో తడిశాడు. "నమస్తే సార్" అన్నది తన గొంతేనా అనిపించింది.

"రవీంద్రా?" అవతల నిదానమైన పెద్దమనిషి గొంతు. "నేను విజేత నాన్నను. ఎట్టా ఉన్నావయ్యా? మీ నాన్నగారు బాగున్నారా? చెవికి మిషను పెట్టిద్దామన్నారుగా, పెట్టించారా? అమ్మగారి నడుం నొప్పి తగ్గిందా?"

తెనాలిలో ఎన్నడూ చూడని మనిషికి తన తల్లి నడుము నొప్పి తెలుసు.

"మీకు... ఇవన్ని ఎట్ల ఎరుక సార్?"

"ఎట్టా తెలియకుండా ఉంటదయ్యా. ఫిబ్రవరి నుంచి రోజూ రాత్రి ఫోన్‌లో నీ సంగతులే. మొదట్లో మొక్కల గురించి చెప్తోందనుకున్నా. మార్చిలో వాళ్ళమ్మ అంది, ఏవండీ, ఇది మొక్కల గురించి కాదు అని." ఆయన నవ్వాడు. "మేము ఎదురుచూస్తానే ఉన్నాం. నువ్వు ఒక్క ముక్క మాట్లాడవని మా అమ్మాయి గోల. ఇంతకీ మాట్లాడావా?"

రవీంద్ర తల తిప్పి చూశాడు. విజేత రేకుల నుంచి కారుతున్న నీళ్ళ కింద అరచెయ్యి పెట్టి, అటు తిరిగి నిలబడి ఉంది. చెవి అంచు ఎర్రబడి ఉంది. ఐదు నెలలు తను ఒక్కడే భయపడుతున్నాననుకున్నాడు.

"ఇప్పుడే మాట్లాడిన సార్" అన్నాడు.

"ఏమంది?"

"ఫోన్ మీకు కలిపి నా చేతిల పెట్టింది."

అవతల ఆయన గట్టిగా నవ్వాడు. పక్కన ఎవరితోనో "మాట్లాడాడంట" అని చెప్పడం, ఒక ఆడగొంతు "హమ్మయ్య" అనడం వినిపించాయి. "అయితే నవజీవన్ రైలెక్కి అమ్మానాన్నల్ని తీసుకుని రావయ్యా. ఎప్పుడొస్తారు?"

దూరంగా వానలో బస్సు దీపాలు కనిపించాయి. విజేత చెయ్యి తుడుచుకుని సంచి భుజాన వేసుకుంది. రవీంద్ర ఆమె సంచి పట్టీ పట్టుకుని ఆపాడు. ఆమె ఆగింది.

"టికెట్ దొరికిన దినం, మామయ్యా" అన్నాడు ఫోన్‌లో.

బస్సు వచ్చి ఆగింది. ఇద్దరిలో ఎవరూ ఎక్కకపోయేసరికి కండక్టర్ గుజరాతీలో ఏదో విసుక్కుని గంట కొట్టాడు. బస్సు వెళ్ళిపోయింది.